రెక్కల కష్టం లెక్క

మా నాయిన కాలంల పని చేసినంక పైసలు అడుగుడు అన్నదే లేదు బిడ్డా. అంతా ఎట్టి. పటేలు ఇంటికి కట్టెలు కొట్టాలె, పట్వారీ ఊళ్లెకొస్తే సామాను మొయ్యాలె, తాసిల్దారు దౌరా వస్తే గుర్రానికి గడ్డి కోసుకరావాలె. కుండలు చేసేటోడు కుండలియ్యాలె, బట్టలుతికేటోళ్లు ఉతకాలె, చెప్పులు కుట్టేటోడు చెప్పులియ్యాలె. దీనికి కూలి ఏందని నోరు తెరిచినోని వీపు మీద వాతలు తేలేటివి.

అప్పు తెచ్చుకున్నోళ్ల బతుకు ఇంకా పాడు. బగేలా అనేటోళ్లు దాన్ని. పెండ్లికో సావుకో దొర తాన పైసలు తెస్తే, అది తీరెదాక ఆ ఇంట్లనే పనిచెయ్యాలె. వడ్డీ పెరుగుతనే ఉంటది, లెక్క దొర చేతులనే ఉంటది. తండ్రి సచ్చిపోతే అదే అప్పుకింద కొడుకు నడుం వంచేటోడు. నిజాం సర్కారు సుత బగేలా మీద కాయిదా చేసింది. చేస్తే ఏమాయె? లెక్క రాసేటోడు, సదివి చెప్పేటోడు అంతా వాళ్ల మనుషులే అయినప్పుడు ఆ కాయిదా కూలోని దాక ఎట్ల రావాలె? 1976ల ఇందిరమ్మ సర్కారు వెట్టి రద్దు చట్టం తెచ్చింది, ఆ అప్పులు కొట్టివేసింది. నాలుగేండ్లకు, 1980ల, ఆమెనే మన మెదక్‌ల నిలవడి ఎంపీగ గెలిచింది.

అందరి పనీ ఎట్టి కాలే. మన మెదక్‌ల పెద్ద చర్చి సూస్తున్నరు గద. 1914ల కట్టుడు మొదలువెట్టి 1924 క్రిస్మస్ నాడు తెరిచిండ్రు. పాస్నెట్ దొర అనే పాద్రి కరువుల మాడేటోళ్లను పిలిచి ఆ పనిల పెట్టిండు, పనిచేసినోళ్లకు తిండి దొరికింది. మా తాత ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా దొర కట్టించిండు అని అనకపోయేది, మేం కట్టినం అనేటోడు. ఆ మాట నా మనసుల నిలిచిపోయింది. రాళ్లు మోసిన మనిషికి ఆ గోడల పాలు ఉంటది. కూలి అడిగేటప్పుడు సుత మనిషి గట్లనే తలెత్తి అడగాలె.

నేను చిన్నప్పుడు జీతమున్న. ఉగాదికి మాట, మళ్ల ఉగాదికి లెక్క. ఏడాదికి ఇన్ని కుంచాల వడ్లు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. జరమొచ్చి పండుకున్న దినాలు కోసేటోళ్లు, తప్పిపోయిన మేకకు కోసేటోళ్లు. పోయిన ఉగాదికి ఏం ఒప్పుకున్నరో మా నాయినకు యాదికుండేది, ఆసామికి ఉండకపోయేది. నోటిమాటకు సాక్షి ఎవడు?

పెద్దోన్ని అయినంక గిర్నిల అమాలి పనికి పోయిన. గిర్ని పేరు ఎందుకు గానీ, ఘనపురం ఆనకట్ట కింద పండిన వడ్లు బండ్లకు బండ్లు వస్తుండె. బస్తాకు ఇంత అని కూలి. ఆ ఏడు సీజన్ నడుస్తుండగనే సేటు చెయ్యి బిగవట్టిండు. దసరాకిస్త అన్నడు. సంక్రాంతికి అన్నడు. ఏడుపాయల జాతరకు పిల్లగాండ్లను తోలుకపోదమంటే జేబుల పైస లేదు. అడగవోతే ‘మీ లెక్కేంది, మా బుక్కుల ఇంతే ఉన్నది’ అన్నడు.

ఆ కట్టె జర ఎగదొయ్యి బిడ్డా, పొగొస్తున్నది.

మా ముఠా మేస్త్రి మూడో తరగతి సదివిండు. అంత సదువుకే ఆయన చేసిన పని పెద్ద వకీలు చెయ్యడు. రోజూ పొద్దుగూకినంక ఒక చిన్న బుక్కుల తారీకు, లారీ నంబరు, ఎన్ని బస్తాలు ఎక్కినయి, ఎవరెవరం ఉన్నం, అన్నీ రాసేటోడు. మేం నవ్వేటోళ్లం. ఆ బుక్కు పట్టుకొని అందరం సంగారెడ్డి పోయినం. అప్పట్ల జిల్లా కచేర్లన్నీ ఆడనే. లేబర్ ఆఫీసుల ఒక పెద్దమనిషి కూసోవెట్టి చెప్పిండు: ఇంగ్లీషోళ్ల కాలంల 1936లనే జీతాల చట్టం అయింది, వెయ్యి మందికి తక్కువ ఉన్న కార్ఖానల వచ్చే నెల ఏడో తారీకు దాటకుంట, అంతకు మించి ఉంటే పదో తారీకు దాటకుంట జీతం ముట్టాలె, ఏడాది లోపల అర్జీ పెట్టుకుంటే అధికారి ఇప్పిస్తడు అని. మనిషికొక్క అర్జీ పెట్టే పని లేదు, బాకీ పడ్డోళ్లందరు కలిసి ఒక్కటే పెట్టొచ్చు అన్నడు. ఆ మాట విన్నంక మాకు పానం లేచొచ్చింది. ఒక్కొక్కడు విడిగ పోతే సేటు ఒక్కొక్కన్ని బెదిరిస్తడు. ఒక్క కాయితం మీద అందరి ఏలిముద్రలు ఉంటే ఎవన్ని బెదిరిస్తడు?

మేం అర్జీ పెట్టినంక సుత సేటు ఊరుకోలే. పేషీకి ముందు రాత్రిపూట మనిషిని తోలిండు. మా ముఠాల ఇద్దరికి సగం పైసలు చేతుల పెట్టి, ‘మొత్తం ముట్టింది’ అని రాసిన కాయితం మీద ఏలిముద్రలు ఏయించుకపోయిండు. వాళ్లను నేను తప్పువట్ట. ఒకని బిడ్డ దవాఖానల ఉండె. ఆకలి తీరెదాక ఆగేటోడే పేషీల గెలుస్తడు, అది సేటుకు బాగ తెలుసు.

పేషీల గిర్ని హాజరు బుక్కు తెచ్చి పెట్టిండ్రు. దాంట్ల మనుషులు తక్కువ, బస్తాలు తక్కువ. మా మేస్త్రి ఏం మాట్లాడలే, తన బుక్కు తీసి అధికారి ముందర పెట్టిండు. అధికారి గిర్నిల లారీలు ఎల్లిన బుక్కు తెమ్మన్నడు. లారీ నంబర్లు కలిసినయి. తారీకులు కలిసినయి. బస్తాలు కలిసినయి. సరుకు అమ్ముకునేటప్పుడు లెక్క పక్కాగ రాసుకున్నోడు, కూలిచ్చేటప్పుడే తక్కువ రాసిండు. అధికారి ఇయ్యమంటె ఇయ్యకపోతే మెజిస్ట్రేటు జుర్మానా లెక్క వసూలు చేస్తడు అని చెప్పినంక, సేటు ఆయన ముందరనే లెక్కవెట్టి ఇచ్చిండు. ఆ ఇద్దరికి మాత్రం మిగతా సగం రాలే.

అన్ని ముచ్చట్లు ఇట్లనే అయితయని నేను చెప్ప. మన మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీని సూడుండ్రి. 1937ల బోధన్‌ల నిజాం కాలంల పుట్టిన కంపెనీ అది. 2002ల సర్కారు నూటికి 51 పాళ్లు ప్రైవేటోళ్ల చేతికిచ్చి 49 తన తాన ఉంచుకున్నది. 2015 డిసెంబర్ల బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడింటికి ఒక్కపారే తాళాలు పడ్డయి. కార్మికులు జీతాల బాకీల కోసం దీక్షలల్ల కూసున్నరు, కచేర్ల సుట్టు తిరిగిండ్రు. 2019ల కంపెనీ కోర్టు దాన్ని అమ్మి అప్పులు తీర్చమన్నది. కంపెనీ మునిగినప్పుడు ఆఖరి 24 నెలల కార్మికుల బాకీ, ఆస్తి తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల బాకీతోని సమానంగ లెక్కకొస్తదని దివాలా చట్టంల రాసున్నది. పీఎఫ్, గ్రాట్యుటీ పైసలు ఆ అమ్మకంల కలపొద్దు, అవి కార్మికునియే. కాయితం మీద ఇది మంచి మాట. కానీ మిషిన్లు తుప్పువట్టేదాక, చెరుకు ఏసినోళ్లు వరికి మళ్లేదాక ఆగితే, ఆ మంచి మాట ముసలోని చేతికి ఏం అందుతది? సర్కారుకు సుత పాలున్న కంపెనీల జీతాలు ఆగుడు నా లెక్కల పెద్ద అన్యాలం.

ఇప్పుడు మీ ఆగిన కూలి ముచ్చటకు వస్త. పాత చట్టం పోయి జీతాల కోడ్ వచ్చింది, 2025 నవంబర్ 21 సంది అమల్ల ఉన్నది. నెల జీతం ఇప్పటికీ ఏడో తారీకు లోపలనే. పనిల నుంచి తీసేసినా, మీరే మానేసినా రెండు పనిదినాలల్ల మొత్తం లెక్క తీర్చాలె. మాకు ఏడాదే ఉండె, మీకు అర్జీకి మూడేండ్ల గడువున్నది. బాకీ మీద పది రెట్ల దాక నష్టపరిహారం ఇప్పించే అధికారం అధికారికి ఉన్నది. గుత్తేదారు పారిపోయిండని కంపెనీ చేతులు దులుపుకుంటానికి లేదు, పని ఎవరిదో పైసలు వాళ్ల మీద పడతయి.

మీ చేతులల్ల ఫోన్లు ఉన్నయి. హాజరు బుక్కు ఫొటో తీసుకోండ్రి, గుత్తేదారు పంపిన మెసేజులు తుడిపెయ్యకుండ్రి, బ్యాంకుల పడ్డ పైసల కాయితం తీసుకోండ్రి. పని తారీకులు ఎవరివాళ్లు రాసిపెట్టుకోండ్రి. సగం పైసలిచ్చి మొత్తం ముట్టిందని రాసిస్తే దస్కత్తు చెయ్యకుండ్రి. 2016ల మెదక్ పట్నమే జిల్లా కేంద్రం అయింది, మాలెక్క సంగారెడ్డి బస్సు కోసం నిలవడే పని లేదు. సోమారం పొద్దుగాల అందరు కలిసి లేబర్ ఆఫీసుకు పోండ్రి, ఒక్కటే అర్జీ ఇచ్చి, ముట్టినట్టు ముద్ర ఏయించుకొని రాండ్రి.