లెక్క తేలని గురువారం

జనవరి ఒకటి, పొద్దున్నే. జంషెడ్‌పూర్‌లో పిక్నిక్ హడావుడి మొదలైపోయింది. కద్మాలో తెలుగువాళ్ల ఇళ్ల ముందు కార్లలోకి పులిహోర గిన్నెలు, చాపలు, క్రికెట్ బ్యాట్లు ఎక్కుతున్నాయి. ఈ ఊళ్లో కొత్త సంవత్సరం అంటే డిమ్నా చెరువు, లేదంటే జూబ్లీ పార్కు. మీ బండి మాత్రం అటు వెళ్లడం లేదు. ఖర్కాయ్ వంతెన దాటి, ఆదిత్యపూర్ ఫ్యాక్టరీలు, గమ్హరియా, ఆపైన ఛౌ నాట్యానికి పేరుపడ్డ సెరైకెలా. మంచు ఇంకా విడలేదు. రోడ్డు వారగా జనం బారులు తీరి నడుస్తున్నారు. వీపున పసిబిడ్డలు, చేతుల్లో నూనె సీసాలు. వాళ్లదీ మీ దారే. ఖర్సావాన్.

స్మారకం దగ్గర వరసలో నిలబడ్డారు. మీ ముందున్న ముసలాయన సీసా మూత తీసి రాతి మీద నూనె పోస్తున్నాడు. ఆ రాయి అప్పటికే నల్లగా నిగనిగలాడుతోంది. జారిన నూనె కింద పడున్న పూరేకుల్ని తడిపేసింది. ఆయన అరచేత్తో నెమ్మదిగా, ఇంట్లో పెద్దవాళ్ల మాడుకి అంటినట్టు, రాతికి అంటి పక్కకి తప్పుకున్నాడు. వెనక నగారా మోగుతోంది. లౌడ్‌స్పీకర్, పోలీసు బందోబస్తు, ఏటా ఉండే నాయకుల రాక. అవన్నీ మామూలే.

మీ కాళ్ల కింద ఉన్నది ఒకప్పటి సంత నేల. 1948 జనవరి 1 గురువారం, సంతరోజు. సెరైకెలా, ఖర్సావాన్ సంస్థానాలు ఆ రోజు నుంచే ఒరిస్సాలో కలిసిపోవాలి. ఆదివాసులు ఒప్పుకోలేదు. ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా మాట్లాడతాడని ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. ఆయన రాలేకపోయాడు. ఒరిస్సా మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపారు. శవాలను బావిలో పడేశారని ఇక్కడివాళ్లు ఈనాటికీ చెబుతారు. ఆ ఏడు మే నెలలోనే రెండు సంస్థానాలూ బీహార్‌కి మారాయి.

ఎంతమంది పోయారు? స్టేట్స్‌మన్ పత్రిక 35 అని రాసింది. కలహండి సంస్థానానికి చెందిన పి.కె. దేవ్ తన జ్ఞాపకాల పుస్తకంలో కనీసం రెండు వేలన్నాడు. ముప్పై అయిదెక్కడ, రెండు వేలెక్కడ! ప్రాణాలతో మిగిలినవాళ్లని వరసగా కూర్చోబెట్టి అప్పుడే అడిగి రాసుకుని ఉంటే ఇంత తేడా ఉండేదా?

అలా అడగడం ఎలాగో ఫ్రెంచి దర్శకుడు క్లాడ్ లాంజ్‌మన్ చూపించాడు. 1985లో వచ్చిన ఆయన సినిమా ‘షోవా’ తొమ్మిది గంటలు దాటుతుంది. అందులో పాత ఫుటేజీ ఒక్క ముక్క కూడా లేదు. నాజీలు యూదుల్ని చంపిన నేలలు ఇప్పుడెలా ఉన్నాయో చూపిస్తాడు. బతికి బయటపడ్డవాళ్లనీ, చూస్తూ ఊరుకున్నవాళ్లనీ, చంపినవాళ్లనీ అడుగుతాడు. హెల్మ్నో నాజీ శిబిరం నుంచి ప్రాణాలతో మిగిలిన ఏ కొద్దిమందిలోనో ఒకడైన సైమన్ స్రెబ్నిక్‌ను మళ్లీ అక్కడికే తీసుకెళ్లి, నది మీద పడవలో కూర్చోబెట్టాడు. తర్వాత 1994లో స్పీల్‌బర్గ్ పెట్టిన సంస్థ యాభై వేలకు పైగా సాక్ష్యాలు వీడియోలో నమోదు చేసింది. జెరూసలేంలోని యాద్ వాషెమ్ హతుల పేర్లు 48 లక్షలకు పైగా పోగుచేసింది. అరవై లక్షల మంది హత్యనూ ఖర్సావాన్‌నూ ఒకే తక్కెడలో పెట్టమని కాదు. పని ఎలా చేయాలో నేర్చుకోమని మాత్రమే.

జార్ఖండ్‌లో ఆ పని చేసే చేతులు లేక కాదు. రాంచీకి చెందిన మేఘనాథ్, బిజు టొప్పో 2003లోనే ఆదివాసుల మీద జరిగిన కాల్పుల గురించి డాక్యుమెంటరీ తీశారు. జర్నలిస్టు అనుజ్ కుమార్ సిన్హా జార్ఖండ్ ఉద్యమ దస్తావేజులను హిందీలో పుస్తకంగా తెచ్చారు. ఖర్సావాన్‌కి అడ్డం పడింది కాలమే. ఆనాటి పదేళ్ల పిల్లాడికి ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది.

మనకీ ఇలాంటి సంతరోజు ఒకటుంది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి. గోండుల మీద పోలీసు కాల్పులు. ప్రభుత్వం లెక్క 13, హక్కుల సంఘాల లెక్క అరవైకి పైనే. ఆనాటి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు, చెప్పగలిగిన వయసులోనే ఉన్నారు. అక్కడి అమరవీరుల స్తూపం దగ్గర దండ వేసి ఫొటో దిగి తిరిగొచ్చేసే బదులు, గూడేల్లోకి వెళ్లి వాళ్లని అడగండి. గోండి తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి. చెప్పింది చెప్పినట్టు, పేర్లతో సహా రికార్డు చేయండి.