ఆల్ప్ ద్యుయేజ్: దారి పక్క ప్రేక్షకులు

ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం సాగే ప్రసిద్ధ ఘాట్ రోడ్డు ఇది. పొడవు సుమారు 13.8 కిలోమీటర్లు, మలుపులు 21. మలుపుల అంకెలు కింది నుంచి పైకి తగ్గుతూ పోతాయి. 1952లో ఇక్కడ జరిగిన తొలి దశను ఇటలీకి చెందిన ఫౌస్టో కొప్పి గెలిచాడు.

చూడటానికి టికెట్ లేదు. మైదాన ప్రాంతంలో నిలబడితే పందెగాళ్ల గుంపు నిమిషంలోపే కళ్లముందు నుంచి దూసుకుపోతుంది. అంతసేపు ఎండలో కాచుకున్నందుకు దక్కేది అంతే. కొండ మీద వేగం తగ్గుతుంది, గుంపు చెదురుతుంది, ఒక్కొక్కరి ముఖం మీద చెమటా కనిపిస్తుంది. అందుకే కొందరు రోజుల ముందే వచ్చి వ్యాన్లలో మకాం వేస్తారు. రోడ్డు మీద రంగుతో తమ అభిమాన పందెగాళ్ల పేర్లు రాస్తారు. పందెగాళ్ల కంటే ముందు ప్రాయోజకుల వాహనాల ఊరేగింపు వస్తుంది. 1930లో మొదలైన ఈ ఆనవాయితీలో టోపీలు, మిఠాయిలు విసురుతారు. వాటికోసం పెద్దవాళ్లు కూడా పిల్లలతో పోటీపడతారు. ఏడో మలుపు నారింజ రంగు చొక్కాల డచ్ అభిమానుల అడ్డా.

చాలాచోట్ల అడ్డుకంచెలు ఉండవు. జనం చివరి క్షణంలో పక్కకు జరిగి దారి ఇస్తారు. ఇది ప్రతిసారీ సవ్యంగా జరగదు. 1999లో ఫోటో తీయబోయిన ప్రేక్షకుడు తగిలి పందెగాడు జుసెప్పె గెరీనీ పడిపోయినా, లేచి దశ గెలిచాడు. 2018లో ఇదే కొండపై జనం మధ్య కిందపడిన విన్‌చెంజో నీబలి వెన్నుపూస విరిగి, పందెం నుంచే తప్పుకున్నాడు.