మీటరు బోర్డు సూచిక దీపాల మార్పిడి

కారు మీటరు బోర్డులో ఆయిల్ ప్రెషర్, చార్జింగ్, హ్యాండ్‌బ్రేక్, హైబీమ్ సంకేతాలు చూపే చిన్న బల్బులను తీసి కొత్తవి వేసే పని. ముల్లు మీటర్లకు బదులు హెచ్చరిక దీపాలు పెట్టే పద్ధతి అమెరికాలో హడ్సన్ కార్లతో మొదలైందంటారు. అది 1930ల ఆరంభంలోనని కొందరు, మధ్యలోనని కొందరు రాశారు.

బల్బు కొలతల్లో గందరగోళం ఉంది. జపాన్ లెక్కలో టీ10 అంటే సుమారు 10 మిల్లీమీటర్ల వ్యాసం. అమెరికా లెక్క అంగుళంలో ఎనిమిదో వంతుల్లో నడుస్తుంది కాబట్టి దాదాపు అదే బల్బు అక్కడ టీ-3¼ అవుతుంది. పాత బల్బును వెంట తీసుకెళ్లి పోల్చి కొనడమే మేలు. వాట్లు పెంచితే వేడికి హోల్డరు, వెనకనున్న ప్లాస్టిక్ సర్క్యూట్ రేకు కరిగిపోవచ్చు.

తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్టవకముందే, ఆయిల్, చార్జింగ్ దీపాలు వెలగాలి. పాత కార్లలో ఆయిల్ దీపం వెలగకపోతే ఇంజిన్ మీది ఒంటి వైరు ఆయిల్ స్విచ్చి నుంచి వైరు ఊడదీసి ఇంజిన్ లోహానికి తాకించి చూస్తారు. అప్పుడు వెలిగితే బల్బు బాగున్నట్టే, లోపం స్విచ్చిలో ఉంది. బల్బే మార్చాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి, బోర్డు ముందుకు లాగి, హోల్డరును పావు చుట్టు తిప్పితే సాధారణంగా ఊడివస్తుంది.

ఎల్‌ఈడీ వేసేవారు ముఖ్యంగా జాగ్రత్త పడాల్సింది చార్జింగ్ దీపం దగ్గర. చాలా పాత కార్లలో అది సూచిక మాత్రమే కాదు. ఆల్టర్నేటర్ రోటరును మొదట అయస్కాంతంగా మార్చే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. 2.4 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 200 మిల్లీ ఆంపియర్లు పంపితే, సాధారణ ఎల్‌ఈడీ పంపేది 20 చిల్లర. అప్పుడు ఇంజిన్ వేగం పెంచేదాకా చార్జింగ్ మొదలుకాకపోవచ్చు. అలాంటి బల్బుకు బదులైతే ఎల్‌ఈడీకి సమాంతరంగా 60 ఓంల రెసిస్టర్ కలిపితే లోటు తీరుతుంది. అది 5 వాట్లదై ఉండాలి. ఇంకో చిక్కు: ఆల్టర్నేటర్ డయోడ్ పాడై కరెంటు ఎదురు దిశలో పారితే మామూలు బల్బు మసకగా వెలిగి చెబుతుంది, ఎల్‌ఈడీ వెలగదు. ఈ ఒక్కచోట పాత బల్బే ఉంచాలి.

మిగతా దీపాల్లో ఫిల్టరు రంగు ఎల్‌ఈడీ వేయాలి. తెల్లదైతే ఎర్ర ఫిల్టరు వెనక వెలవెలబోతుంది. వెలగకపోతే ధ్రువాలు తిప్పి పెట్టాలి. ఇటీవలి కార్లలో ఎల్‌ఈడీలు బోర్డుకే టంకం వేసి ఉంటాయి కనుక ఈ పద్ధతి వాటికి పనికిరాదు.