ఎరుపు + ఆకుపచ్చ = పసుపు? నేను చెప్పిన తప్పు, బందరు బట్ట చెప్పిన జవాబు

ఇవాళ్టి ఎపిసోడ్ సారీతో మొదలుపెడుతున్నా.

మాది పల్నాడులో ముప్పాళ్ళ. మా మేనకోడలు ఏడో తరగతి. డ్రాయింగ్ పోటీకి పొద్దుతిరుగుడు పువ్వు వేస్తుంటే పసుపు రంగు అయిపోయింది. నాకు ఫోన్ చేసింది. "ఎరుపు, ఆకుపచ్చ కలుపు, పసుపు వచ్చేస్తుంది" అన్నా. నాలుగేళ్ళు స్క్రీన్లకి కలర్ కోడ్‌లు రాసినవాణ్ణి, డౌటే లేదు. పది నిమిషాల్లో ఫోటో వచ్చింది. పువ్వంతా బురద రంగు. కింద మెసేజ్: "మామయ్యా, నా బొమ్మ పాడుచేశావ్."

తప్పెక్కడ? ఫోన్ స్క్రీన్ మీద చిన్న నీటి చుక్క పెట్టి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. అవి వెలుగులు. వెలుగుకి వెలుగు తోడైతే కాంతి పెరుగుతుంది. అందుకే స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు. 1861లో మాక్స్‌వెల్ లండన్‌లో ఈ మూడు రంగుల వెలుగుల్నే తెర మీద కలిపి రంగుల ఫోటో చూపించాడు.

పెయింట్ అలా కాదు. తన మీద పడ్డ వెలుగులో కొంత మింగేసి, మిగిలింది మన కంటికి పంపిస్తుంది. రెండు పెయింట్లు కలిపితే రెండూ మింగుతాయి. మిగిలేది తక్కువ. అందుకే బురద.

ఈ లెక్క మన అద్దకం పనివాళ్ళ చేతుల్లో ఎప్పుడో ఉంది. మా ఊరి నుంచి తూర్పుకి, కృష్ణ సముద్రంలో కలిసే వైపు వెళ్తే మచిలీపట్నం, అదే బందరు. 1611లో ఇంగ్లిష్ కంపెనీ ఓడ అక్కడికి వచ్చింది. వాళ్ళకి కావాల్సిన సరుకుల్లో మన బట్ట ముఖ్యమైంది. మన రంగుల బట్టని యూరప్‌లో చింట్జ్ అనేవాళ్ళు. సొంత నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో దాన్ని నిషేధించింది. 1759 దాకా ఎత్తెయ్యలేదు.

అంత గిరాకీ ఎందుకు? ఉతికినా రంగు పోదు కాబట్టి. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో నానబెడితే వచ్చేది కసిమి. కరక్కాయ పట్టించిన బట్ట మీద అది పడితే నలుపు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూస్తారు. తర్వాత చిరివేరు వేసి ఉడికిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది.

మరి ఆకుపచ్చ? నీలిమందుతో నీలం వేసి, దానిపైన పసుపు పూసేవాళ్ళు. నీలం ఎరుపు వెలుగుని మింగుతుంది, పసుపు నీలం వెలుగుని మింగుతుంది. మిగిలేది ఆకుపచ్చ. రుజువు కావాలా? మ్యూజియంలలో ఉన్న పాత చింట్జ్‌లు చూడండి. చాలావాటిలో ఆకులు నీలంగా ఉంటాయి. కాలంతో పాటు పైన పూసిన పసుపు వెలిసిపోయి, అడుగున్న నీలం బయటపడిందన్నమాట.

1742లో కేర్దూ అనే ఫ్రెంచ్ ఫాదర్ కోరమాండల్ తీరంలో అద్దకం పనివాళ్ళని అడిగి, ఈ పద్ధతంతా ఫ్రాన్స్‌కి ఉత్తరం రాశాడు. 1868లో జర్మనీలో గ్రేబ, లీబర్‌మన్ చిరివేరులో ఎరుపునిచ్చే అలిజరిన్‌ని ల్యాబ్‌లో తయారుచేశారు. ఫ్యాక్టరీ రంగు చవక. వేళ్ళకి గిరాకీ పడిపోయింది. అయినా బందరు పక్కన పెడనలో కలంకారీ అచ్చులు ఇప్పటికీ పడుతున్నాయి.

నాకు కలర్ కోడ్‌లన్నీ నోటికొచ్చు. పక్కనున్న బందరు ఆకు మాత్రం ఆకుపచ్చ ఎలా అయిందో తెలీదు. ఆ చిన్నదాని బొమ్మ పాడైంది అందుకే.

పసుపు పెయింట్ డబ్బా కొని పంపించా. ఎందుకంటే పెయింట్‌లో ఏ రెండు కలిపినా అసలు సిసలు పసుపు రాదు. మీ ఇంట్లో పిల్లలు అడిగితే, ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: "స్క్రీన్ మీదా, కాగితం మీదా?"