పాత కటకము – క్రొత్త కెమెరా

హైదరాబాదునుండి నాగపూరు పోవు మార్గమున కొంపల్లి యున్నది. పెండ్లి ముహూర్తముల దినములలో అచ్చటి కల్యాణ మండపములు దీపములతో వెలుగుచుండును. అట్టి మండపములో ఒక ఛాయాగ్రాహకుడు తన తండ్రినాటి కటకమును క్రొత్త డిజిటల్ కెమెరాకు తగిలించె ననుకొందము. దగ్గరనున్న వధూవరుల ముఖములు స్పష్టముగా వచ్చినవి. దూరమున కూర్చున్న బంధువులు మాత్రము మసకగా వచ్చిరి. కటకము పాడైనదని దానిని మూల పడవేయుట సులభము. కాని దోషము కటకమున లేకపోవచ్చును. అది యెచ్చట నున్నదో తెలియుటకు కొంత చరిత్ర తెలియవలెను.

1886లో లాలా దీన్‌దయాళ్ సికిందరాబాదున చిత్రశాలను నెలకొల్పెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా ఆదరించి, 1894లో ‘రాజా’ బిరుదు నొసగెను. ఆ కాలపు పెద్ద కెమెరాలలో కటకమునకును గాజుపలకకును నడుమ మడతలుగల తిత్తి యుండెడిది. ఛాయాగ్రాహకుడు నల్లగుడ్డ కప్పుకొని, గరుకుటద్దముపై ప్రతిబింబమును చూచుచు, తిత్తిని సాగదీయుటయో ముడుచుటయో చేసెడివాడు. కనుక కటకము మారినను దూరమును చేతితోనే సరిచేసికొనగలిగెడివాడు.

చిన్న ఫిలిము కెమెరాలు వచ్చిన పిదప ఈ సౌకర్యము పోయెను. కటకమును బిగించు అంచునుండి ఫిలిము వరకు గల దూరము స్థిరము కావలసి వచ్చెను. 1931లో జర్మనీ లైకా కెమెరాలకు ఇది 28.8 మిల్లీమీటర్లుగా నిర్ణయింపబడెను. తరువాత లోపల అద్దముగల రిఫ్లెక్సు కెమెరాలు వచ్చెను. అద్దము పైకి లేచుటకు చోటు కావలెను గదా! అందుచే దూరము పెరిగెను. 1949లో వెలువడిన కాంటాక్స్ ఎస్ కెమెరాకు 42 మి.మీ. మర యుండెను, దాని దూరము 45.46 మి.మీ. 1959లో జపాను నికాన్ ఎఫ్ 46.5 మి.మీ. దూరముతోను, 1987లో కానన్ ఈఎఫ్ 44 మి.మీ. దూరముతోను వచ్చెను. ఎవరి కొలత వారిదే.

2008లో పానసోనిక్ జి1 కెమెరా అద్దము లేకుండ వచ్చెను. 2010లో సోనీ ఇ పద్ధతి ఈ దూరమును 18 మి.మీ.కు తగ్గించెను. 45.46 నుండి 18 తీసివేసినచో 27.46 మి.మీ. మిగులును. ఆ మిగిలిన చోటును నింపు లోహపు కడియమే ఎడాప్టరు. ఆనాటి తిత్తి పనిని నేడిది చేయుచున్నది. కాని సాగదు, ముడుచుకొనదు. కనుక దాని మందము సరిగా నుండవలెను.

ఎంత సరిగా? 50 మి.మీ. నాభ్యంతరముగల కటకమును అనంత దూరపు గుర్తువద్ద నుంచితి మనుకొనుడు. ఎడాప్టరు 0.25 మి.మీ. ఎక్కువ మందమైనచో, 50 యొక్క వర్గమగు 2500ను 0.25తో భాగింపవలెను. 10,000 మి.మీ., అనగా 10 మీటర్లు వచ్చును. సుమారుగా అంతకు మించిన దూరమునకు కటకమును సరిచేయుట సాధ్యము కాదు. కొంపల్లి మండపమున బంధువులు మసకబారుటకు ఇదియే కారణము కావచ్చును. 42 మి.మీ. మరగల కటకమును నికాన్ ఎఫ్ పద్ధతి కెమెరాకు తగిలించినచో, కడియమునకు మందమే లేకున్నను 1.04 మి.మీ. ఎక్కువగును, అప్పుడు హద్దు 2.4 మీటర్లే.

కడియము పలుచనైనచో అంత నష్టము లేదు. అనంత గుర్తునకు ముందే దూరదృశ్యము స్పష్టమగును. దూరపు అంకెలు మాత్రము తప్పును. అందుచే పెక్కు ఎడాప్టర్లను కొంచెము పలుచగనే చేయుదురు.

మరికొన్ని చిక్కులును గలవు. కడియము వదులైనచో చిత్రమున ఒక ప్రక్క స్పష్టముగను, వేరొక ప్రక్క మసకగను వచ్చును. మీట నొక్కినను కెమెరా పలుకకున్నచో, కటకము లేకున్నను పనిచేయుటకు దాని అమరికలలో అనుమతి నీయవలెను. కొన్ని పాత కటకముల వెనుక చిన్న సూది యుండును. దానిని ఎడాప్టరు అంచు లోనికి నొక్కనిచో, వలయమును త్రిప్పినను ద్వారము చిన్నది కాదు.

కాబట్టి కటకమును విప్పుటకు ముందు కడియమును కొలువవలెను. పాఠశాల ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్సుతో నాలుగు చోట్ల దాని మందము చూచిన చాలును. నాలుగు కొలతలు సమానమై, లెక్కకు సరిపోయినప్పుడే కటకమును అనుమానింపవలెను. కొలువక విప్పినచో మంచి కటకమే చెడును.