భజనగొంతు – లోకపుపాట

దేవుని పాట పాడిన గొంతుతో లోకపు పాట పాడవచ్చునా? ఈ ప్రశ్న మన భజనమందిరములలో నేను చిన్ననాటనుండి వినుచున్నదే. అమెరికాలోని నల్లజాతివారిలో ఈ వివాదము మిక్కిలి తీవ్రముగా నడచినది. అరీథా ఫ్రాంక్లిన్ అను గాయని తన జీవితముచేతనే దానికి సమాధానము చెప్పినది.

ఆ జాతి పూర్వులు బానిసలు. వారికి చర్చియే బడి, సభ, ఓదార్పు. బోధకుడు ఒక మాట ఎత్తగా జనమెల్ల అందుకొని, చప్పట్లు చరచుచు పాడుదురు, మన భజనగోష్ఠివంటిదే. 1950 తరువాత రే చార్లెస్ మున్నగువారు ఆ బాణీలలో ప్రేమగీతములు పాడిరి. దానికి ‘సోల్’, అనగా ఆత్మ, అను పేరు వచ్చినది. భక్తులు పలువురు అది అపచారమనిరి.

అరీథా 1942 మార్చి 25న మెంఫిస్ పట్టణమున జన్మించెను. తండ్రి డెట్రాయిట్ నగరమున చర్చిబోధకుడు, మహావక్త. పదేండ్లు నిండకముందే తల్లి గతించినది. ఆ బాలిక తండ్రి చర్చిలోనే పాడి పేరు తెచ్చుకొనెను. 1960లో తండ్రి ప్రోత్సాహముతోనే కొలంబియా కంపెనీలో చేరెను. ఆరేండ్లు వారు నాజూకుపాటలు పాడించిరి. గొప్ప ఖ్యాతి రాలేదు. 1967లో అట్లాంటిక్ కంపెనీవారు ఆమెను పియానో ముందు కూర్చుండబెట్టి, చర్చిలోని ధోరణినే పాడనిచ్చిరి.

ఓటిస్ రెడ్డింగ్ 1965లో ‘రెస్పెక్ట్’, అనగా మర్యాద, అను పాట పాడెను. అందు ఇంటికి వచ్చిన పురుషుడు మర్యాద కోరును. అరీథా దానిని స్త్రీయే కోరునట్లు మార్చి పాడినది. అక్కచెల్లెండ్రు వంతపాడిరి. ఆ పాట దేశమంతట ప్రథమస్థానము నందెను. హక్కులకై పోరాడు నల్లజాతివారును, స్త్రీలును దానిని తమదిగా గైకొనిరి.

1972 జనవరిలో, కీర్తిశిఖరమున నుండగా, ఆమె లాస్ ఏంజిలిస్‌లోని యొక చర్చిలో రెండు రాత్రులు పాడెను. ఆ రికార్డు ఇరువదిలక్షలకు మించి అమ్ముడుపోయినది. అందే తండ్రి లేచి, తన బిడ్డ చర్చిని ఎన్నడును విడువలేదని పలికెను.

నేనా రికార్డు వింటిని. మాటలు సగము తెలియలేదు, ఆర్తి తెలిసినది. 2018 ఆగస్టు 16న ఆమె డెట్రాయిట్‌లో కన్నుమూసెను. మన భజనలో పాడు పిల్ల రేపు నాటకమునకు పాడబోయినచో, తలుపు మూయకముందు ఆ తండ్రిమాట తలచుకొందము.