'విన్నింగ్ టైమ్' క్లైమాక్స్: పేరులో గెలుపు.. చివరి ఎపిసోడ్‌లో ఓటమి.. అసలేం జరిగిందంటే?

పేరు 'విన్నింగ్ టైమ్'. కానీ సిరీస్ ఆగిపోయింది మాత్రం హీరోల టీమ్ ఓడిపోయిన చోట!

బాస్కెట్‌బాల్ టీమ్ లాస్ ఏంజెలెస్ లేకర్స్ 1980ల్లో ఎలా దూసుకెళ్లిందో చూపించిన హెచ్‌బీఓ సిరీస్ ఇది. 2022 మార్చిలో మొదలైంది. రెండు సీజన్లు, మొత్తం 17 ఎపిసోడ్లు. ఓనర్ జెర్రీ బస్‌గా జాన్ సి. రైలీ, స్టార్ ప్లేయర్ మ్యాజిక్ జాన్సన్‌గా క్విన్సీ ఐజయా నటించారు.

2023 సెప్టెంబర్ 17న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌కి 1984 ఎన్‌బీఏ ఫైనల్సే ప్రాణం. ప్రత్యర్థి బోస్టన్ సెల్టిక్స్. 7 మ్యాచ్‌ల్లో 4 గెలిచినోళ్లదే టైటిల్. లెక్క 3-3కి వచ్చాక బోస్టన్‌లో జరిగిన ఏడో మ్యాచ్‌లో సెల్టిక్స్ 111-102తో గెలిచింది. కీలక టైమ్‌లో తడబడిన జాన్సన్‌ని 'ట్రాజిక్ జాన్సన్' అంటూ ఎగతాళి చేశారు. అప్పటికి ఫైనల్స్‌లో సెల్టిక్స్ చేతిలో లేకర్స్ ఓడటం 8వసారి. ఒక్కసారి కూడా గెలిచింది లేదు. ఈ లెక్క తెలియకపోతే ఆ డ్రెస్సింగ్ రూమ్ బాధ మనకి సగమే అర్థమవుతుంది.

చివర్లో ఖాళీ కోర్టులో బస్, ఆయన కూతురు జీనీ కూర్చుంటారు. తర్వాత ఎవరేమయ్యారో తెర మీద అక్షరాల్లో చెప్పేశారు. అంతే, శుభం కార్డు!

అదే రాత్రి మూడో సీజన్ లేదన్న వార్త బయటికొచ్చింది. తాము అనుకున్న ముగింపు ఇది కాదని క్రియేటర్ మాక్స్ బోరెన్‌స్టీన్ కూడా చెప్పారు. ఆ టైమ్‌లో హాలీవుడ్‌లో రైటర్లు, యాక్టర్ల సమ్మె నడుస్తోంది. దాంతో నటులెవరూ ప్రమోషన్లకి రాలేదు.

సిరీస్‌లో చూపించిందంతా నిజమనుకోవద్దు. తనని కోపిష్ఠిగా చూపించారంటూ లేకర్స్ మాజీ ప్లేయర్ జెర్రీ వెస్ట్ 2022లోనే లాయర్లతో నోటీసు పంపారు. ఇది డాక్యుమెంటరీ కాదు, డ్రామా అని హెచ్‌బీఓ సమర్థించుకుంది.

ఫ్యాన్స్ మిస్సయిన అసలు సీన్ వేరే ఉంది. 1985 ఫైనల్స్‌లో మళ్లీ అవే టీమ్‌లు. తొలి మ్యాచ్‌లో లేకర్స్ 148-114తో చిత్తయింది. 38 ఏళ్ల కరీమ్ అబ్దుల్-జబ్బార్ పనైపోయిందన్నారు. రెండో మ్యాచ్‌లో ఆయన 30 పాయింట్లు కొట్టాడు. జూన్ 9న, అదే బోస్టన్ గార్డెన్‌లో లేకర్స్ 4-2తో టైటిల్ ఎగరేసుకుపోయింది. ఫైనల్స్ బెస్ట్ ప్లేయర్ కరీమే. ఇంకొక్క సీజన్ ఉండుంటే, చూడాల్సిన ఎపిసోడ్ అదే.